రేడియో నియంత్రిత నమూనా విమానాలలో రెక్క వైఫల్యం: కారణాలు, నివారణ మార్గాలు

వ్యాససంగ్రహం

రేడియో నియంత్రిత నమూనా విమానాల రెక్క గాలిలో విరిగినప్పుడు, ఆ లోపాన్ని సాధారణంగా కర్రకో జిగురుకో ఆపాదిస్తారు. వాస్తవానికి రెక్కపై పడే గరిష్ఠ భారాన్ని ముందుగా లెక్కించకపోవడం, ఆ భారం ఏ మార్గంలో ప్రయాణిస్తుందో గుర్తించకపోవడం ఇందుకు మూలకారణాలు. రెండు కిలోల నమూనా విమానం ఒకదాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ భారాన్ని గణించి, రెక్క నిర్మాణంలోనూ పరీక్షలోనూ పాటించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నమూనా విమానం, రెక్క, స్పార్, భార గుణకం, వంపు భ్రామకం, ఫ్లట్టర్, స్థైతిక పరీక్ష.

1. ప్రవేశిక

ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థులు నమూనా విమానాలను రూపొందించి ఎగురవేయడం నేడు పరిపాటి అయింది. భారత ప్రభుత్వ డ్రోన్ నియమాలు 2021 కూడా విద్య, పరిశోధన, రూపకల్పన, పరీక్ష, వినోదాల కోసం కంటిచూపు మేరలో ఎగురవేసే 25 కిలోల లోపు విమానాలను ‘నమూనా’ వర్గంగా గుర్తించాయి. ఈ వర్గంలోని విమానం చిన్నదే అయినా, రెక్క విరిగిన మరుక్షణం అది నియంత్రణకు లొంగదు. మోటారు ఆగిపోయిన విమానాన్ని జారుడుగా దించవచ్చు. రెక్క పోయిన విమానాన్ని దించే మార్గం లేదు. అది మైదానంలో నిలబడినవారిపై పడవచ్చు. కనుక రెక్క బలాన్ని అనుభవానికో అంచనాకో వదలక, లెక్కతో నిర్ణయించడం అవసరం.

2. రెక్కపై భారాన్ని నిర్ణయించేది వేగం

సమతలంగా ఎగిరే విమానంలో రెక్క మోసేది విమానపు బరువును మాత్రమే. విమానం మలుపు తిరిగినా, కిందికి దూకి పైకి లేచినా రెక్క అంతకు కొన్ని రెట్లు బలాన్ని పుట్టించాలి. ఆ రెట్ల సంఖ్యను భార గుణకం అంటారు. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగే మలుపులో ఇది 2. 75 డిగ్రీల మలుపులో దాదాపు 3.9.

ఈ గుణకానికి ప్రకృతి ఒక హద్దు విధించింది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం ఒక పరిమితిని దాటితే గాలి ప్రవాహం రెక్క పైతలాన్ని వీడిపోయి ఉత్థాపన బలం పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ఒక వేగం వద్ద సాధ్యమయ్యే అత్యధిక భార గుణకం, ఆ వేగాన్ని స్టాల్ వేగంతో భాగించి వర్గం చేస్తే వచ్చే విలువ.

ఉదాహరణకు 1.6 మీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాకార రెక్కతో 2 కిలోల విమానాన్ని తీసుకుందాం. రెక్క బరువు అందులో అర కిలో. గరిష్ఠ ఉత్థాపన గుణకం 1.2గా తీసుకుంటే స్టాల్ వేగం సెకనుకు సుమారు 8.25 మీటర్లు వస్తుంది. ఈ విమానం సెకనుకు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్లతో, కిందికి దూకుతున్నప్పుడు ఎలివేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా లాగితే భార గుణకం 9కి చేరగలదు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. ఒక వేగం వద్ద రెక్క పుట్టించగల గరిష్ఠ బలం విమానపు బరువుపై ఆధారపడదు. వేగపు వర్గంపై ఆధారపడుతుంది. బరువైన బ్యాటరీని అమర్చడం కంటే శక్తిమంతమైన మోటారును అమర్చడం రెక్కకు ఎక్కువ ప్రమాదకరం. వేగం 25 నుంచి 30 మీటర్లకు పెరిగితే రెక్కపై పడగల గరిష్ఠ భారం 44 శాతం పెరుగుతుంది. కాబట్టి మోటారును మార్చినవారు రెక్క లెక్కను కూడా మళ్లీ చేయవలసి ఉంటుంది.

3. రెక్క మొదలు వద్ద వంపు భ్రామకం

ఉత్థాపన బలం రెక్క పొడవునా పుడుతుంది. అది మోయవలసిన బరువు మాత్రం మధ్యలోని దేహంలో కేంద్రీకృతమై ఉంటుంది. అందువల్ల వంపు భ్రామకం కొన వద్ద శూన్యంగా మొదలై, రెక్క దేహాన్ని కలిసే చోట గరిష్ఠమవుతుంది. రెక్క తన బరువును తానున్న చోటే మోసుకుంటుంది కనుక, మొదలును వంచేది ప్రధానంగా మిగిలిన ఒకటిన్నర కిలోల బరువు. ఒక్కో వైపు ఉత్థాపన బలం సగటున మధ్య నుంచి 35 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుందనుకుంటే, సమతల గమనంలో మొదలు వద్ద భ్రామకం సుమారు 2.6 న్యూటన్ మీటర్లు. భార గుణకం 9 అయినప్పుడు సుమారు 23 న్యూటన్ మీటర్లు.

ఈ భ్రామకాన్ని మోసేది స్పార్. దీనిలో పైకడ్డీ, కింది కడ్డీ, వాటిని కలిపే నడిమి పలక ఉంటాయి. కడ్డీల మధ్య దూరం 24 మిల్లీమీటర్లయితే, ఒక్కో కడ్డీలో బలం దాదాపు 970 న్యూటన్లకు చేరుతుంది. ఇది సుమారు 99 కిలోల బరువుకు సమానం. రెండు కిలోల విమానంలో వేలెడు మందం లేని కడ్డీ ఒక మనిషి బరువును మించిన భారాన్ని మోయవలసి వస్తుందన్నమాట.

రెక్క పైకి వంగినప్పుడు పైకడ్డీ సంపీడనానికి, కింది కడ్డీ తన్యతకు లోనవుతాయి. కర్ర నార దిశలో తన్యతను తట్టుకున్నంతగా సంపీడనాన్ని తట్టుకోలేదు. కనుక తొలుత నలిగేది పైకడ్డీయే. స్ప్రూస్ కర్ర సంపీడన బలం దాదాపు 35–40 మెగాపాస్కళ్లు. మధ్యరకం సాంద్రత గల బాల్సాది 10–15 మెగాపాస్కళ్లు. ఆరు మిల్లీమీటర్ల చదరపు కడ్డీలో పై భారం కలిగించే ప్రతిబలం 27 మెగాపాస్కళ్లు. స్ప్రూస్ దీనిని తట్టుకుంటుంది, కానీ మిగిలే భద్రతాంశం ఒకటిన్నర కంటే తక్కువ. బాల్సా కడ్డీ మాత్రం భార గుణకం 4 దగ్గరే నలిగిపోతుంది.

4. కొన పరీక్ష పరిమితి

రెండు రెక్కల కొనలను పట్టుకొని విమానాన్ని ఎత్తి చూడటం ప్రసిద్ధమైన పరీక్ష. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటిక్స్ అండ్ ఆస్ట్రోనాటిక్స్ నిర్వహించే ‘డిజైన్, బిల్డ్, ఫ్లై’ విద్యార్థి పోటీలో కూడా ఇది తనిఖీలో భాగం. అక్కడ దీనిని 2.5 భార గుణకానికి సమానమైనదిగా పరిగణిస్తారు.

మన ఉదాహరణలో ఈ పరీక్ష మొదలు వద్ద కలిగించే భ్రామకం సుమారు 7 న్యూటన్ మీటర్లు, అంటే సమతల గమనంలోని భ్రామకానికి 2.7 రెట్లు. పైన చెప్పిన బాల్సా కడ్డీల రెక్క దాదాపు 10 న్యూటన్ మీటర్ల వరకు నిలుస్తుంది కాబట్టి ఈ పరీక్షలో ఉత్తీర్ణమవుతుంది. అదే రెక్క గంటకు 60 కిలోమీటర్ల వేగం దాటాక ఎలివేటర్‌ను గట్టిగా లాగితే విరుగుతుంది. అంతకంటే తక్కువ వేగంలో విరగడానికి ముందే స్టాల్ కలిగి రెక్కను కాపాడుతుంది. కొన పరీక్ష స్థూలమైన లోపాలను బయటపెడుతుంది; దూకుడు విన్యాసాలకు అది హామీ కాదు.

5. అతుకుల వద్ద భార మార్గం

తగినంత బలమైన కర్రతో చేసిన రెక్క కూడా అతుకు వద్ద విరగవచ్చు. భారం ఒక భాగం నుంచి మరొక భాగానికి మారే ప్రతి చోటూ పరిశీలించదగినదే. రెండు సగాలను కలిపే ప్లైవుడ్ పలక హఠాత్తుగా ముగిస్తే, గట్టితనం ఒక్కసారిగా తగ్గిపోయే ఆ అంచు వద్ద ప్రతిబలం పోగుపడుతుంది. ఆ పలక కొనలను ఏటవాలుగా చెక్కితే భారం క్రమంగా మారుతుంది. కార్బన్ ఫైబర్ గొట్టంతో కలిపే రెక్కల్లో గొట్టం ముగిసే చోట ఒరను స్పార్‌కు గట్టిగా బంధించాలి.

నడిమి పలకను చాలామంది అనవసరమైన బరువుగా భావిస్తారు. అది లేకపోతే రెండు కడ్డీలు ఒకే దూలంగా పనిచేయవు. పైకడ్డీ రిబ్బుల మధ్య బొంగులా వంగి విరుగుతుంది. బాల్సా పలకను నార నిలువుగా ఉండేలా అతికించాలి. మొదలు నుంచి రెక్క సగం దాకా వెళ్లేసరికి భ్రామకం నాలుగో వంతుకో అంతకంటే తక్కువకో దిగుతుంది. అందుచేత కడ్డీల మందాన్ని మొదలులో పెంచి కొన వైపు తగ్గించడమే సరైన పొదుపు. అంతటా సమానంగా బలపరచిన రెక్క అనవసరంగా బరువెక్కుతుంది.

6. మెలి, ఫ్లట్టర్

వంపును తట్టుకున్న రెక్క మెలితిరగడం వల్ల విరగవచ్చు. కాగితపు గొట్టాన్ని మెలితిప్పితే గట్టిగా నిలుస్తుంది; దానినే నిలువునా చీల్చి మెలితిప్పితే సులువుగా లొంగుతుంది. ఇదే సూత్రంతో రెక్క ముందు భాగాన్ని పైనా కిందా పలుచని బాల్సా పలకతో కప్పి, స్పార్ నడిమి పలకతో కలిపి మూసిన పెట్టెగా చేస్తారు.

మెలి గట్టితనం చాలని రెక్క ఒక వేగం దాటాక గాలి నుంచే శక్తిని గ్రహించి డోలనం చేయడం మొదలుపెడుతుంది. ఇది ఫ్లట్టర్. దీని డోలన పరిమితి క్షణాల్లో పెరిగి రెక్కను తుంచివేయగలదు. ఐలరాన్ కీళ్లలో వదులు, సర్వో గేర్లలో ఆట, పలుచని తోపుడు తీగ దీనిని ప్రేరేపిస్తాయి. కీళ్ల సందులను మూయడం, తీగను పొట్టిగా, దృఢంగా ఉంచడం, అవసరమైన చోట ఐలరాన్ కీలుకు ముందువైపు ప్రతిభారం అమర్చడం నివారణోపాయాలు. గాలిలో అసాధారణమైన బుర్రుమనే ధ్వని వినిపిస్తే వెంటనే మోటారు తగ్గించి, ముక్కును మెల్లగా ఎత్తి వేగం తగ్గించాలి. కంగారుగా లాగితే వంపు భారం కూడా తోడవుతుంది.

భారం కింద రెక్క ఆకారం మారడమే ప్రమాదానికి తొలి మెట్టు కావచ్చని నాసా వారి హీలియోస్ ఉదంతం చెబుతుంది. దాదాపు 75 మీటర్ల రెక్క గల ఆ మానవరహిత సౌర విమానం 2003 జూన్ 26న హవాయి దీవుల్లోని కవాయి సమీపంలో గాలి అలజడికి లోనైంది. రెక్క ఊహించినదానికంటే ఎక్కువగా పైకి వంగి అలాగే నిలిచిపోయింది. ఆపై ముక్కు పైకీ కిందికీ ఊగే డోలనాలు పెరిగి, వేగం రూపకల్పన హద్దును మించగా, రెక్క పైపొర ఊడి విమానం సముద్రంలో కూలింది.

7. ఎండ, పాత గాయాలు

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం తెలిసినదే. అటువంటి ఎండలో మూసి ఉంచిన కారు లోపల ముదురు రంగు రెక్క అంతకంటే చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీలు అనేకం 50–60 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడటం మొదలుపెడతాయి. ఫోమ్ రెక్కలు వంకర తిరుగుతాయి. రెక్కలను నీడలో, లేత రంగు సంచిలో ఉంచడం మేలు. గట్టిగా నేలను తాకిన ప్రతిసారీ మొదలు వద్ద పైపొర ముడతలను, కడ్డీపై అడ్డుగా కనిపించే సన్నని నలుగుడు గీతను వెతకాలి. ఆ గీత ఉన్న కడ్డీ నిలిచి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ బలం కోల్పోయినదే.

8. ఇసుక సంచుల పరీక్ష

లెక్కను నిర్ధారించడానికి విమానాన్ని తలకిందులుగా దేహం వద్ద ఆనించి, రెక్కపై ఇసుక సంచులు పేర్చాలి. దేహపు బరువును భార గుణకంతో గుణించి, అందులోంచి రెక్క బరువును తీసివేస్తే కావలసిన ఇసుక తెలుస్తుంది. మన ఉదాహరణలో అది 13 కిలోలు. కొన వైపు తక్కువగా, మొదలు వైపు ఎక్కువగా, ఇరువైపులా సమంగా పేర్చాలి. భారం తీసిన తర్వాత రెక్క యథాస్థితికి రాకపోయినా, చిటపట శబ్దం వినిపించినా ఆ రెక్కను ఎగురవేయరాదు.

9. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలేదేమంటే, రెక్క బలాన్ని విమానపు బరువుతో కాక, అది చేరుకోగల గరిష్ఠ వేగంతో ముడిపెట్టి నిర్ణయించాలి. పైకడ్డీ సంపీడనం, నడిమి పలక, అతుకు అంచులు, ఐలరాన్ బిగువు అనే నాలుగు చోట్ల శ్రద్ధ వహిస్తే చాలా వైఫల్యాలను నేలమీదే నివారించవచ్చు. రెక్కకున్న పరిమితిని సరిచేయలేని పక్షంలో, ఆ పరిమితికి తగిన వేగాన్ని గుర్తించి దానిని దాటకుండా ఎగురవేయడం కూడా శాస్త్రీయమైన పరిష్కారమే. పదమూడు కిలోల ఇసుకతో పూర్తయ్యే ఈ పరీక్షను కళాశాల ప్రయోగశాలలు తొలి ఎగురుదలకు ముందు తప్పనిసరి చేయడం సముచితం.