గాజుతొట్టిలోని చేపలకు కాయగూరలు



పూర్వము మన పల్లెలలో చేపలనగా చెరువులోనివే. నేడు పట్టణమునుండి తెచ్చిన గాజుతొట్లు పల్లెటిండ్లలో కూడ కానవచ్చుచున్నవి. ముచ్చటపడి తొట్టిని తెచ్చువారు పిల్లలు. వారు బడికి పోయిన పిమ్మట దాని యోగక్షేమములు చూచువారు ఇంటి పెద్దలు. కావున అంగడిమేతకు తోడుగా పెరటి కాయగూరలను, పండ్లను ఈ చేపలకు పెట్టవచ్చునా, పెట్టినచో ఎట్లు పెట్టవలెను అను విషయమును నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట ఏ చేప ఏమి తినునో తెలిసికొనవలెను. చెరువులో కొఱ్ఱమేను చిన్నచేపలను, కప్పలను వేటాడి తినును. 1959వ సంవత్సరమున హాంకాంగునుండి మన దేశమునకు తెచ్చిన గడ్డిచేపయో, పశువువలె గడ్డి మేయును. గాజుతొట్టిలోను ఈ భేదము కలదు. ఫైటరు అను చేప పురుగులను, దోమపిల్లలను కోరునుగాని ఆకుకూరను ఆశింపదు. బంగారుచేప, మోలీ, సిల్వర్ డాలరు, గాజునంటుకొని పాచిని నాకు సక్కరుచేప మున్నగునవి శాకమును ఇష్టముగా తినును. బంగారుచేప మన బొచ్చె, శీలావతుల కుటుంబములోనిదే. దానికి జీర్ణాశయము లేదు. గొంతులోని పండ్లతో ఆహారమును నలిపి నేరుగా ప్రేగులోనికి పంపును. అందుచేత దానికి మెత్తని ఆహారమును కొద్దికొద్దిగా పెట్టుట మేలు.

శాకమువలన లాభమేమి? మనుష్యునివలెనే చాల జాతుల చేపలు సి విటమినును తమ శరీరమున తయారుచేసికొనలేవు. డబ్బా మూత తీసి నెలల తరబడి ఉంచిన ఎండుమేతలో ఆ విటమిను క్షీణించును. చేప మేనిపై మెఱయు ఎరుపు, పసుపు వన్నెల మూలద్రవ్యములు కూడ ఆహారమునుండియే రావలెను. ఆకుకూరలందు, గుమ్మడియందు అట్టి ద్రవ్యములు కలవు.

ఇక పెట్టు విధానము. పాలకూర ఆకును మరుగునీట ఒక నిమిషము ఉంచి, తీసి, చల్లార్చి వేయవలెను. పచ్చి ఆకు నీటిపై తేలును, చేప నోటికి తెగదు. పచ్చిబఠాణీని ఉడికించి, పొట్టు తీసి, చిదిపి పెట్టవలెను. చిన్న బంగారుచేపకు ఒక గింజలో సగము చాలును. కీరదోసను చెక్కు తీసి, బిళ్ళగా కోసి, శుభ్రమైన గులకరాతికి దారముతో కట్టి ముంచినచో సక్కరుచేప దానినంటుకొని తినును. గుమ్మడి, చిలగడదుంపలను ఉడికించి పెట్టవచ్చును. ఉప్పు, కారము, నూనె సోకిన కూర మాత్రము పనికిరాదు. పండ్లలో పుచ్చకాయ, అరటిపండు గోరంత ముక్క ఎప్పుడైన పెట్టవచ్చును. వానిలోని చక్కెర నీటిని త్వరగా చెఱచును. నిమ్మ, నారింజ మొదలగు పుల్లనివి వలదు. నేను వారమునకు రెండుమారులే కూర పెట్టి, తక్కిన దినములలో అంగడిమేతనే వేయుచున్నాను. మాంసకృత్తులకు శాకమొక్కటే చాలదు.

పురుగుమందు చల్లిన తోటలోని కూరను తొట్టిలో వేయరాదు. సైపర్మెత్రిన్ వంటి మందులు మనుష్యునికంటె చేపకు మిక్కిలి ప్రమాదకరములు. లవలేశము నీట కలిసినను చేపలు చచ్చును. మందెఱుగని పెరటి కూర శ్రేష్ఠము. దానినైనను కడిగియే వాడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి కలదు. చేపను చంపునది తిన్న కూర కాదు, తినక మిగిలిన కూర. అది కుళ్ళునప్పుడు నీటిలోని ప్రాణవాయువు ఖర్చగును; అమ్మోనియా అను విషము పుట్టును. చెరువు పెద్దది గనుక కొంత ఓర్చుకొనును. నాలుగు బిందెల నీరు ఓర్చుకొనలేదు. చేపలు పైకి వచ్చి నోరు తెఱచి ఎగశ్వాస విడుచుచున్నచో నీరు చెడినదని ఎఱుగుడు. కావున మెత్తని ఆకును రెండు మూడు గంటలలో తీసివేయవలెను. రాత్రి వేసిన కీరదోసను తెల్లవాఱగానే తీయవలెను. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. బ్లీచింగు పొడి కలిపిన కుళాయినీటిని ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచి పోయవలెను.

కడపట ఊరి పెద్దలగు మీకొక విన్నపము. అంగడిలో రెండంగుళములుండు సక్కరుచేప కొలదికాలములో అడుగుకు మించి పెరుగును. తొట్టి చాలక, జాలిపడి, పిల్లలు దానిని చెరువులో విడుతురు. అది దక్షిణ అమెరికా చేప. మన నీట దానికి శత్రువులు తక్కువ. గ్రుడ్లు పెట్టుటకు గట్లలో బొరియలు త్రవ్వును. ముండ్లతో వలలు చింపును. పైకివచ్చి గాలి పీల్చి చెడునీటిలోను బ్రదుకును. మన జాలరులు దయ్యపు చేపయని పిలుచునది ఇదియే. సాకలేనిచో అమ్మిన అంగడికో, పెద్ద తొట్టి గలవారికో ఇచ్చివేయుడు. తొట్టి ఇంటివారిది; చెరువు ఊరుమ్మడి సొత్తు. తొట్టిపై దయ చెరువునకు కీడు కాకుండ పిల్లలకు బోధింపవలసినవారు మీరే.