పడాంగ్ నుంచి బాలెస్టియర్ దాకా: సింగపూర్ క్రికెట్ మైదానాలు

1996 ఏప్రిల్ 2న సింగపూర్‌లో పాకిస్తాన్‌పై ఆడుతూ సనత్ జయసూర్య 48 బంతుల్లో శతకం పూర్తి చేశాడు. ఒకరోజు అంతర్జాతీయ పోటీలలో అప్పటివరకు అంత వేగంగా నూరు పరుగులు చేసినవారు లేరు. ఆ రోజు చెదిరిన పాత రికార్డు ఒక హైదరాబాదీది. 1988 డిసెంబరులో బరోడాలో న్యూజిలాండ్‌పై మహమ్మద్ అజహరుద్దీన్ 62 బంతుల్లో చేసిన శతకం ఏడేళ్లకు పైగా నిలిచి, సముద్రపు గాలి తగిలే ఒక నగర మైదానంలో మరుగున పడింది. ఆ మైదానం పేరు పడాంగ్. మలయ్ భాషలో ఆ మాటకు అర్థం ‘మైదానం’ అనే. అంటే ‘పడాంగ్ మైదానం’ అనడం ‘గేటు తలుపు’ అనడం వంటిదే.

ఈ ఖాళీ స్థలం చరిత్ర క్రికెట్‌కన్న పాతది. 1822లో రాఫిల్స్ ఆదేశాలమేరకు సిద్ధమైన పట్టణ ప్రణాళికలో నదీముఖానికి ఈశాన్యంగా ఉన్న సముద్రతీరాన్ని ప్రభుత్వావసరాలకు కేటాయించారు. వర్తకుల గోదాములు అక్కడికి రాకూడదన్నది ఉద్దేశం. అలా మిగిలిన పచ్చికబయలును ఆంగ్లేయులు ఎస్‌ప్లనేడ్ అని పిలుచుకున్నారు. నేటి పడాంగ్ వెడల్పు ఆనాడు లేదు. 1890 ప్రాంతంలో సముద్రాన్ని పూడ్చి దానిని విస్తరించారు. అప్పటి తీరపు అంచు ఇప్పుడు నేల మధ్యకు వచ్చింది. మరిన్ని పూడికల తరువాత సముద్రం ఇంకా దూరం జరిగింది. ఈ నగరంలో నేల లభించే తీరే అది: ఏదో ఒకదాన్ని వెనక్కు నెట్టి సంపాదించుకోవలసిందే.

సింగపూర్‌లో క్రికెట్ గురించి దొరికే తొలి ప్రస్తావన 1837 నాటిది. అది ఏ పోటీ ఫలితమో కాదు, ఒక ఫిర్యాదు. ఆదివారంనాడు ఎస్‌ప్లనేడ్‌పై కొందరు క్రికెట్ ఆడుతున్నారని భక్తిపరులకు అభ్యంతరం కలిగింది. పదిహేనేళ్ల తరువాత, 1852లో, సింగపూర్ క్రికెట్ క్లబ్ ఏర్పడింది. ఇప్పుడు మైదానానికి ఒక కొసన కనిపించే దాని భవనానికి మూలరూపం 1884లో వెలిసింది. పక్కల విభాగాలు తరువాత వచ్చాయి. రెండో కొసన ఉన్న సింగపూర్ రిక్రియేషన్ క్లబ్‌ను 1883లో యురేషియన్లు స్థాపించుకున్నారు. మొదటి క్లబ్బులో వారికి ప్రవేశం లేకపోవడమే రెండవదాని పుట్టుకకు కారణం. ఒకే పచ్చికకు ఇరువైపులా రెండు పెవిలియన్లు ఎదురెదురుగా నిలవడం చూసేవారికి ముచ్చటగా ఉంటుంది కాని, ఆ నిర్మాణం వలసపాలన నాటి వర్ణభేదానికి గీసిన పటం. క్రికెట్ క్లబ్ సభ్యత్వం రెండవ ప్రపంచ యుద్ధానంతరం వరకు ఐరోపీయులదే.

తెలుగు పాఠకులకు ఈ అమరిక కొత్తదేమీ కాదు. సికింద్రాబాద్ దండు ప్రాంతంలో జింఖానా, పరేడ్ మైదానాలు ఇటువంటివే. ముందు సైన్యం, తరువాత క్లబ్బు, ఆ తరువాత ప్రజలు. హైదరాబాద్‌లోని ఫతే మైదాన్ మరింత పాతది. గోల్కొండ పతనం నాటి మొగలు విజయానికి గుర్తుగా దానికి ఆ పేరు వచ్చిందంటారు. 1955 నవంబరులో న్యూజిలాండ్‌తో టెస్టు ఆడేనాటికి అది నగరపు క్రికెట్‌కు నడిబొడ్డు. తరువాత ఆట ఉప్పల్‌కు తరలిపోయింది. నగరం పెరిగే కొద్దీ మైదానం ఊరి అంచుకు జరగడం మనవైపు పద్ధతి. సింగపూర్‌కు జరగడానికి అంచు లేదు. దేశమంతా కలిపి 730 చదరపు కిలోమీటర్లు దాటి కొద్దిగా. కాబట్టి ఇక్కడ మైదానం ఉంటే నడిబొడ్డునే ఉండాలి, లేకపోతే లేదు.

తొలి కాలపు పెద్ద పోటీలు రేవు పట్టణాల మధ్య జరిగేవి. హాంకాంగ్, షాంఘై, స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ జట్లు ఓడలెక్కి పరస్పరం వెళ్లి ఆడేవి. ఆ ప్రయాణాల ప్రమాదం ఎంతటిదో 1892లో తెలిసివచ్చింది. షాంఘైలో ఆడి తిరిగివస్తున్న హాంకాంగ్ జట్టు ఎక్కిన ‘బొఖారా’ ఓడ అక్టోబరు 10న పెస్కడోర్స్ దీవుల దగ్గర తుఫానులో మునిగింది. జట్టులోని పదమూడుగురిలో ఇద్దరే బతికారు. వారిలో ఒకరు వైద్యుడు, జేమ్స్ లోసన్. రెండేళ్లకు హాంకాంగ్‌లో ప్లేగు చెలరేగినప్పుడు రోగులను చూసుకున్న ప్రధాన వైద్యులలో ఆయన ఒకరు. ప్లేగు క్రిమిని వెదకడానికి వచ్చిన కిటసాటోకు పరిశోధన సౌకర్యాలు చూపించినవాడూ ఆయనే. క్రికెట్ చరిత్రలో ఒక అడుగు కింది గమనికగా మిగలవలసిన పేరు వైద్య చరిత్రలోకి అలా ప్రవేశించింది.

ఇరవయ్యో శతాబ్ది మొదటి దశకం నుంచి స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్, సమాఖ్య మలయ్ రాష్ట్రాల మధ్య వార్షిక పోటీ నెలకొంది. ఆ మలయా క్రికెట్ నుంచి వచ్చినవాడే కౌలాలంపూర్‌లో పుట్టిన లాల్ సింగ్. 1932 జూన్‌లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టులో, మూలాలు తెలుగునేలలో గల నాగపూర్ వాసి కొఠారి కనకయ్య నాయుడు నాయకత్వంలో, అతడు ఆడాడు. మొదటి ఉదయమే ఫ్రాంక్ వూలీని రనౌట్ చేసి ఇంగ్లండ్‌ను 19 పరుగులకు మూడు వికెట్ల స్థితికి తెచ్చాడు. రెండవ ఇన్నింగ్స్‌లో అమర్ సింగ్‌తో కలిసి 74 పరుగులు జోడించాడు. ప్రవాస భారతీయుడొకడు ‘ఇండియా’ అనే జట్టుకు ఆడడానికి సముద్రం దాటి వెళ్లిన తొలి ఉదాహరణ అదే కావడం గమనార్హం. ఇప్పటి ప్రయాణం ఎదురుదిశలో సాగుతోంది.

పడాంగ్ ఆట ఆగిన రోజులూ ఉన్నాయి. 1942 ఫిబ్రవరి 15న బ్రిటిష్ సేన లొంగిపోయాక, 17న ఐరోపీయ పౌరులను ఇదే పచ్చికపై గుమికూడమని జపాన్ అధికారులు ఆజ్ఞాపించి, చెరకు నడిపించారు. 1943 జూలై 5న ఇక్కడే సుభాష్ చంద్ర బోస్ ఆజాద్ హింద్ ఫౌజు గౌరవవందనం స్వీకరించి ‘ఛలో ఢిల్లీ’ అన్నాడు. 1945 సెప్టెంబరు 12న ఎదుటి పురపాలక భవనంలో జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగాయి. 1966 ఆగస్టు 9న స్వతంత్ర సింగపూర్ తొలి జాతీయ దినోత్సవ కవాతు కూడా ఈ గడ్డిమీదే. సభకూ, సైన్యానికీ, ఆటకూ ఒకే స్థలం పనికిరావడానికి కారణం ఒక్కటే, అక్కడ ఏమీ కట్టలేదు.

పడాంగ్ పాలకుల మైదానమైతే, తక్కినవారికి దొరికినది బాలెస్టియర్ మైదానప్రాంతం. సింగపూర్‌లో అమెరికా తొలి కాన్సల్ జోసెఫ్ బాలెస్టియర్ ఒకప్పుడు అక్కడ చెరకు పండించాడు. అతడి పేరు వీధికి మిగిలింది. 1923లో ఏర్పడిన ఇండియన్ అసోసియేషన్, దాని సమీపంలోనే సింహళ, జాఫ్నా తమిళుల సిలోన్ స్పోర్ట్స్ క్లబ్, సిక్కుల ఖాల్సా అసోసియేషన్ దాదాపు ఒకే ఆవరణగా కనిపించేంత దగ్గరలో ఉన్నాయి. ఇండియన్ అసోసియేషన్ భవనానికి 1950లో జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. జాతుల పేర్లతో జట్లు ఆడడం బొంబాయిలోనూ ఉండేది. అక్కడి పెంటాంగులర్‌పై గాంధీ అభ్యంతరం చెప్పడం, 1946లో అది అంతరించడం తెలిసినవే. సింగపూర్‌లో పేర్లు మిగిలాయి, అర్థాలు మారాయి. ఈనాడు ఈ క్లబ్బుల తరఫున లీగులో ఎవరు ఎవరికి ఆడుతున్నారో పేరునుబట్టి చెప్పలేము. 1975లో సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడిన నాటికి ఇక్కడి తెలుగువారు కొద్దిమందే. సమాచార సాంకేతిక రంగపు వలసలు పెరిగిన తరువాత వారాంతపు ఆటగాళ్లకు కొరత తీరి, మైదానాలకు కొరత వచ్చింది.

ఇక 1996. శ్రీలంక మార్చి 17న లాహోర్‌లో ప్రపంచ కప్ గెలిచి రెండు వారాలే అయింది. ఉపగ్రహ టెలివిజన్ కొత్త ప్రేక్షకులను చూపించగానే షార్జా, టొరంటో, సింగపూర్ వంటి ‘పరాయి’ వేదికలకు గిరాకీ పెరిగింది. సింగర్ కప్ పేరుతో భారత, పాకిస్తాన్, శ్రీలంక జట్లు పడాంగ్‌కు వచ్చాయి. ఏప్రిల్ 1న వాన ఆటను చెడగొట్టగా మరునాడు మళ్లీ మొదలుపెట్టారు. జయసూర్య 65 బంతుల్లో 134 పరుగులు చేశాడు, అందులో పదకొండు సిక్సర్లు. పాకిస్తాన్ నాయకుడు ఆమిర్ సొహైల్ స్వయంగా వేసిన ఒక ఓవరులో 30 పరుగులు వచ్చాయి. శ్రీలంక 349, పాకిస్తాన్ 315. మొత్తం 664 పరుగులు ఆనాటికి రికార్డు. మూడు జట్లూ ఒక్కొక్క పోటీ గెలిచాయి. పాకిస్తాన్‌పై తెండూల్కర్ సరిగ్గా నూరు పరుగులు చేసినా భారత్ ఓడి, పరుగుల రేటు లెక్కలో వెనుకబడి ఇంటిదారి పట్టింది.

ఏప్రిల్ 7న ఫైనల్‌లో జరిగినది మరింత విచిత్రం. 216 పరుగుల లక్ష్యంతో బయలుదేరిన శ్రీలంక మొదటి వికెట్ 70 పరుగుల వద్ద పడింది. అవుటైన కలువితారణ స్కోరు సున్న! జయసూర్య 17 బంతుల్లో అర్ధశతకం చేసి, 28 బంతుల్లో 76 వద్ద వెనుదిరిగాడు. తక్కినవారు నిలవలేక జట్టు 172కు కుప్పకూలి 43 పరుగులతో ఓడింది. శతకం రికార్డును ఆరు నెలలకే, అక్టోబరు 4న నైరోబీలో, షాహిద్ అఫ్రిది 37 బంతులకు దించాడు. అర్ధశతకం రికార్డు మాత్రం 2015లో డివిలియర్స్ 16 బంతుల్లో చేసేదాకా చెక్కుచెదరలేదు.

పడాంగ్ సరిహద్దులు చిన్నవి కనుక ఆ రికార్డుల విలువ తక్కువ అనే వాదం ఆనాడే వచ్చింది. అందులో కొంత నిజం ఉంది. నగరం నడుమ ఇరుకున్న మైదానంలో తాడు దగ్గరకు రాక తప్పదు. కాని అదే తాడు, అదే పిచ్ శ్రీలంకలో తక్కిన పదిమందికీ అందుబాటులో ఉండి కూడా ఫైనల్‌లో వారిని కాపాడలేదు. సరిహద్దు కొలతతో ఒక ఇన్నింగ్స్‌ను కొట్టివేయడం, జ్వరమానిని చూసి రోగిని చూడకపోవడం వంటిది.

తరువాత పెద్ద పోటీలు పాత కల్లాంగ్ విమానాశ్రయం పరిసరాలలో, జాతీయ స్టేడియం పక్కనున్న కల్లాంగ్ మైదానానికి మారాయి. 1999 సెప్టెంబరులో భారత్, వెస్టిండీస్, జింబాబ్వే ఆడాయి. ఫైనల్‌ను మొదటి రోజు వాన మింగేసింది. మరునాడు ద్రవిడ్ అజేయంగా 103 పరుగులు చేయగా భారత్ 254 సాధించింది. రికార్డో పవెల్ అనే యువకుడు 93 బంతుల్లో 124 కొట్టి ఆ మొత్తాన్ని చిన్నది చేశాడు. 2000 ఆగస్టులో పాకిస్తాన్, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వచ్చాయి, పాకిస్తాన్ గెలిచింది. అక్కడితో సరి. హాన్సీ క్రోన్యే ఉదంతం తరువాత ఇటువంటి పోటీలన్నిటిపైనా అనుమానపు నీడ పడింది. 2001లో భారత ప్రభుత్వం షార్జా, సింగపూర్, టొరంటో వంటి వేదికల్లో పాకిస్తాన్‌తో ఆడరాదని నిర్ణయించింది. ప్రేక్షకులూ ప్రకటనలూ ఎక్కువగా ఆ ఒక్క పోటీనే నమ్ముకుని ఉన్న వేదికకు దెబ్బ తగలడానికి అది చాలు.

ఇక్కడ ఆటకు ప్రకృతి పెట్టే పరీక్ష కూడా చిన్నది కాదు. ఏడాదికి రెండువేల మిల్లీమీటర్లు దాటే వర్షం, మధ్యాహ్నపు ఉరుములు. మెరుపు హెచ్చరిక మోగితే ఆటగాళ్లు మైదానం విడవాలి. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట కారుతుంది కాని ఆవిరి కాదు, ఆవిరి కాని చెమట శరీరాన్ని చల్లబరచదు. పొడిగాలికి అలవాటుపడిన రాయలసీమ కుర్రవాడు నలభై డిగ్రీల ఎండలో ఆడగలిగి కూడా ఇక్కడ ముప్పైరెండు డిగ్రీలకే సొమ్మసిల్లడానికి కారణం అదే. కొత్త వాతావరణానికి శరీరం అలవాటుపడడానికి పది పదిహేను రోజులు కావాలి.

ఇటీవలి అంతర్జాతీయ పోటీలకు బాలెస్టియర్‌లోని ఇండియన్ అసోసియేషన్ మైదానం చిరునామా అయింది. 2019 జూలైలో టీ20 ప్రపంచ కప్ ఆసియా ప్రాంతీయ పోటీలో సింగపూర్ ఇక్కడే నేపాల్‌ను మించి తదుపరి దశకు అర్హత పొందింది. సెప్టెంబరు 28న నేపాల్ నాయకుడు పరస్ ఖడ్కా 52 బంతుల్లో అజేయంగా 106 చేసి సింగపూర్‌ను ఓడించాడు. మరునాడే, వానవల్ల 18 ఓవర్లకు కుదించిన ఆటలో, సింగపూర్ 181 చేసి జింబాబ్వేను 177 వద్ద ఆపింది. అంతర్జాతీయ మండలిలో పూర్తి సభ్యత్వం ఉన్న దేశంపై సింగపూర్‌కు అది తొలి విజయం. 1974లో అనుబంధ సభ్యత్వం వచ్చిన నలభై అయిదేళ్లకు నాలుగు పరుగుల తేడాతో దక్కింది.

ఆ ఏడాది సింగపూర్‌కు ఆడిన టిమ్ డేవిడ్ 1996 మార్చి 16న, శ్రీలంక ప్రపంచ కప్ గెలవడానికి ముందురోజు, ఈ నగరంలోనే పుట్టాడు. తండ్రి రాడ్ డేవిడ్ కూడా సింగపూర్ తరఫున ఆడినవాడే. టిమ్ 2022 నుంచి ఆస్ట్రేలియాకు ఆడుతున్నాడు. 2025 జూలైలో వెస్టిండీస్‌పై 37 బంతుల్లో శతకం చేశాడు. చిన్న దేశం తయారు చేసుకున్న ఆటగాణ్ణి పెద్ద దేశం తీసుకుపోవడం ప్రవాస వైద్యులకూ, ఇంజనీర్లకూ విడమరచి చెప్పనక్కరలేని సంగతి.

2014లో తెరిచిన కొత్త జాతీయ స్టేడియాన్ని కదిలే ఆసనాలతో, క్రికెట్‌కూ పనికివచ్చేలా నిర్మించారు. అంతర్జాతీయ క్రికెట్ మాత్రం ఆ గుమ్మటం కింద కుదురుకోలేదు. పడాంగ్‌కు 2008 నుంచి సెప్టెంబరు ప్రాంతాల్లో మరో పొరుగు తోడైంది. ఫార్ములా వన్ రాత్రిపందెం దాని చుట్టూ ఉన్న వీధుల్లోనే సాగుతుంది, గడ్డిమీద సంగీత వేదికలు లేస్తాయి. జాతీయ దినోత్సవం ఇక్కడ జరిగే సంవత్సరాలలో ప్రేక్షకుల గ్యాలరీలు మైదానాన్ని ఆక్రమిస్తాయి. 2025లోనూ అంతే. 2022 ఆగస్టు 9న పడాంగ్‌ను సింగపూర్ 75వ జాతీయ స్మారకంగా ప్రకటించారు. భవనం కాని పచ్చికబయలుకు ఆ హోదా దక్కడం అదే ప్రథమం. ఆ ప్రకటన కాపాడుతున్నది ఖాళీని. ఆ ఖాళీలో బంతి ఏ వారాంతాన దొర్లాలో, ఏ వారాంతాన వేదికకు చోటివ్వాలో అందులో లేదు.