జావ పిండికి గ్రాంటు కావాలంటే ముందు ‘షుగర్ తగ్గిస్తుంది’ అన్న ముక్క తీసేయాలి

కూచిపూడి వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "నల్ల బియ్యం జావ పిండి బాగానే ఉందండీ, ఇలాంటి ఆరోగ్య ఉత్పత్తికి గ్రాంటు ఎక్కడైనా ఇస్తారా?" ఇస్తారు. కాకపోతే మనం అనుకునే పేరుతో ఇవ్వరు, అనుకునే పద్ధతిలోనూ ఇవ్వరు. వీడియోలో ఇరికించలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి, డబ్బుతో పని.

వీడియో చూడనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. కూచిపూడి అంటే లోకానికి నాట్యం. మొవ్వ మండలం రైతుకి మాత్రం సార్వా వరి, కోతకు ముందు తడి నేలలో చల్లే మాగాణి మినుము, గట్టు మీద మునగ చెట్టు. వీడియోలో మాట్లాడిన అక్క ఈ మూడింటినీ కలిపారు. నల్ల బియ్యం కడిగి ఆరబెట్టి వేయిస్తారు. పొట్టు మినుములు దోరగా వేయించి కలుపుతారు. నీడన ఎండిన మునగాకు పొడి కొంచెం. మరలో పట్టించి అరకిలో ప్యాకెట్లు కడతారు. చుట్టుపక్కల ఊళ్లలో, విజయవాడలో తెలిసినవాళ్లకి అమ్ముతున్నారు. సొంతంగా వేయించే యంత్రం, పిండి మర, ప్యాకింగ్ మిషను పెట్టుకోవాలని ఆవిడ ఆలోచన. "మెళ్లో గొలుసు కుదువ పెట్టాలా, లేకపోతే గవర్నమెంటు డబ్బులొస్తాయా, చెప్పు తమ్ముడూ" అని అడిగారు.

ప్యాకెట్టు చేతికి తీసుకుని చూస్తే స్టిక్కరు మీద పెద్దక్షరాలతో ఉంది: షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు తగ్గిస్తుంది!

చిక్కంతా అక్కడే ఉంది. ఆహారం అని అమ్మే ఏ వస్తువైనా ఫలానా జబ్బును నయం చేస్తుందనీ, రాకుండా ఆపుతుందనీ చెప్పుకోకూడదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2006 నాటి ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. "మాది మందే, అలాగే అమ్ముకుంటాం" అంటారా, అప్పుడు ఆయుష్ లైసెన్సు కావాలి, మందుల తయారీకి తగ్గ షెడ్డు కావాలి, ఆహార పరిశ్రమల పథకాలన్నీ చేజారతాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టి గ్రాంటు అడగలేం. జావ పిండి ఆహారం. ఆహారం అనే రాయండి. నల్ల బియ్యం, మినుములు, మునగాకు అని పదార్థాల పేర్లు శుభ్రంగా రాస్తే, కొనేవాళ్లకి అవేమిటో తెలుసు. మన డెల్టాలో మినుము బలమని ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు కదా.

మనవాళ్లకి మింగుడుపడనిది ఇంకొకటుంది. ‘సహజం’, ‘నేచురల్’ అన్న మాటలకి కూడా అదే 2018 నిబంధనల్లో హద్దు గీశారు. ఏమీ కలపని ఒకే పదార్థానికి ఆ మాట వాడొచ్చు. మూడు కలిపిన పిండికి నేరుగా ‘నేచురల్’ అని వేయకూడదు, ‘సహజ పదార్థాలతో చేసినది’ అనొచ్చు. ‘ఆర్గానిక్’ అని రాయాలంటే దాని ధ్రువీకరణ దారి వేరు. పీజీఎస్ గ్రూపులో ఉన్న రైతులు ఆ కాగితం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

ఇక డబ్బు సంగతికొద్దాం.

ఇలాంటి చిన్న యూనిట్‌కి అన్నిటికంటే దగ్గరగా సరిపోయేది పీఎంఎఫ్ఎంఈ. కేంద్రం 2020 జూన్‌లో మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకం ఇది. యూనిట్ ఖర్చులో 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. పథకాన్ని 2025-26 దాకా పొడిగించారు, కాబట్టి అప్లై చేసే ముందు ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో పోర్టల్లో చూసుకోండి.

అక్క యంత్రాలకి 6 లక్షలవుతుందనుకుందాం. ఆవిడ చేతి నుంచి కనీసం 10 శాతం, అంటే 60 వేలు పెట్టాలి. మిగతా 5 లక్షల 40 వేలు బ్యాంకు అప్పు. సబ్సిడీ 2 లక్షల 10 వేలు. ఈ సబ్సిడీ చేతికి రాదండీ! చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ డబ్బు బ్యాంకులో ఆవిడ పేరు మీద పక్కన పెట్టి ఉంచుతారు. అప్పు చివరి విడత ఇచ్చాక మూడేళ్ల పాటు వాయిదాలు సక్రమంగా కట్టి, యూనిట్ నడుస్తుంటే అప్పుడు అప్పులో సర్దుతారు. ఆ మొత్తం మీద ఈలోగా వడ్డీ పడదు. అంటే ‘సబ్సిడీ వచ్చాక గొలుసు విడిపిస్తా’ అన్న లెక్క కుదరదు. గొలుసు కుదువ పెట్టాల్సి వచ్చినా ఆ 60 వేల కోసమే పెట్టాలి, దాన్ని విడిపించుకోవాల్సింది పిండి అమ్మిన డబ్బుతోనే. 10 లక్షల లోపు చిన్న పరిశ్రమ అప్పుకి బ్యాంకులు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్రాంచిలో ఎవరైనా పొలం కాగితాలు పెట్టమంటే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

బియ్యం, మినుములు కొనడానికి కావాల్సిన రొక్కం ఈ సబ్సిడీ లెక్కలోకి రాదు. స్థలం ఖరీదూ రాదు. సొంత పంటే ముడిసరుకు అయితే మీకు పెద్ద వెసులుబాటు.

అక్క డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. ఇదే పథకంలో, ఆహార తయారీ చేస్తున్న సంఘ సభ్యురాలికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్ ఉంది. పెట్టుబడికి, చిన్న పనిముట్లకి వాడుకోవచ్చు. సంఘం, సమాఖ్య ద్వారానే నడుస్తుంది కాబట్టి వెలుగు ఆఫీసులో అడగండి. నన్నడిగితే ఇలాంటి ఇంటి తయారీకి ముందు తట్టాల్సిన తలుపు ఇదే. 6 లక్షల మిషన్ల గురించి తర్వాత ఆలోచించొచ్చు.

పీఎంఈజీపీ గురించి కూడా కొందరు అడిగారు. గ్రామాల్లో మహిళలకి అందులోనూ 35 శాతమే, సొంత వాటా 5 శాతం చాలు. అయితే ఒకే యూనిట్‌కి రెండు చోట్లా సబ్సిడీ తీసుకోవడం కుదరదు. ఏదో ఒకటి ఎంచుకోండి.

మరి అప్పు లేకుండా వచ్చే గ్రాంటు లేదా? ఉంది. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు, విడతలుగా ఇస్తారు. దానికి కంపెనీ రిజిస్టరు చేయాలి, స్టార్టప్‌గా గుర్తింపు ఉండాలి, ఇంక్యుబేటర్ వాళ్లని ఒప్పించాలి. వాళ్లు చూసేది ఇంతవరకు ఎవరూ చేయని పద్ధతి ఏమైనా ఉందా అని. వేయించి పట్టించిన జావ పిండితో అక్కడికి వెళితే ఛార్జీలు దండగ. మునగాకులో పోషకం పోకుండా ఆరబెట్టే కొత్త యంత్రమో, పిండి ఎక్కువ కాలం నిలవుండే కొత్త విధానమో మీ దగ్గర ఉంటే మాత్రం వదలకండి.

అమెరికా నుంచి ఎవరైనా ఇస్తారేమో అన్న ఆశ కూచిపూడిలో సహజం. సిలికానాంధ్రవాళ్లు విరాళాలు కూడగట్టి సంజీవని ఆస్పత్రి కట్టింది ఈ ఊళ్లోనే. ఆస్పత్రికి విరాళం ఇచ్చే మనసు వేరు, అమ్ముకునే సరుకుకి పెట్టుబడి పెట్టడం వేరు. అలాగే 2024లో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని ప్రాజెక్టు రిపోర్టులో రాసుకున్నారొకరు. సంతోషమే గానీ, బ్యాంకు మేనేజరుకి కావాల్సింది నెలకి ఎన్ని కిలోలు అమ్ముతున్నారన్న లెక్క.

అందుకే ఇప్పటి నుంచే చీటీ పుస్తకం పెట్టండి. ఎవరికి ఎన్ని ప్యాకెట్లు, ఎంతకి ఇచ్చారో రాయండి. డబ్బు ఫోన్‌పేలో తీసుకుంటే బ్యాంకు స్టేట్‌మెంటులో అదే కనిపిస్తుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ నంబరు, పాన్, ఆధార్, యంత్రాల కొటేషన్లు, షెడ్డు సొంతమైతే దాని కాగితం, అద్దెదైతే ఒప్పందం సిద్ధం చేసుకోండి. పిండిని ల్యాబులో ఒకసారి పరీక్ష చేయిస్తే తేమ ఎంతుందో, పోషకాలేమిటో లేబులు మీద ధైర్యంగా వేయొచ్చు. ఎక్కడ చేయించాలో తెలియకపోతే ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, కూచిపూడికి దగ్గరే.

దరఖాస్తు నింపడానికి, ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి పీఎంఎఫ్ఎంఈలో జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. వాళ్లకి ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు. ‘గ్రాంటు శాంక్షన్ చేయిస్తాం, ముందు పది వేలు వేయండి’ అని ఫోన్ చేసేవాళ్లు కామెంట్లలో కూడా తిరుగుతున్నారు. వాళ్లకి మీ ఆధార్ ఫొటో పంపకండి.

అక్క పాత స్టిక్కర్లు కట్ట కట్టి అటక మీద పడేశారు. కొత్త లేబుల్లో ‘నల్ల బియ్యం, మినుము, మునగాకు జావ పిండి’ అని ఉంది, కింద తయారీ తేదీ. సీడ్ క్యాపిటల్ కోసం సంఘంలో తీర్మానం రాయించారు. మాగాణి మినుము చేతికొచ్చాక అక్కడికే మళ్లీ వెళ్తాం, పొట్టు మినుము వేయించే పద్ధతి వీడియో తీస్తాం. యంత్రాల కొటేషన్ల గురించి మీకున్న సందేహాలు కింద రాయండి, వాటికి ఆ వీడియోలో సమాధానాలు చెబుతాం.