అమ్మకమునకు ముందే లెక్క

ఇల్లు అమ్మదలచినవాడు ముందుగా గోడలకు సున్నము వేయించును. వ్యాపారమును అమ్మదలచినవాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు అమెరికా ఉక్కు వర్తకుడైన ఆండ్రూ కార్నెగీ చరిత్రలో చక్కని సమాధానము కలదు.

స్కాట్లండులో 1835లో ఒక చేనేతకారుని ఇంట పుట్టిన కార్నెగీ, 1848లో తల్లిదండ్రులతో అమెరికా చేరెను. నూలుమిల్లులో బాలకూలిగా అతని తొలి సంపాదన వారమునకు 1 డాలరు 20 సెంట్లు. అర్ధశతాబ్ది గడచునప్పటికి అతడు పిట్స్‌బర్గు ఉక్కు కర్మాగారములకు అధిపతి. ఆ సంస్థ వాటాలు బజారున దొరకునవి కావు. కొద్దిమంది భాగస్వాముల సొత్తు. భాగస్వామి మరణించినను, తొలగింపబడినను, అతని వాటాను లెక్కపుస్తకములలోని ధరకే సంస్థకు అప్పగింపవలెనని ఒప్పందము.

ఈ కట్టుబాటు సంస్థను చెదరకుండ కాపాడెను గాని, దాని అసలు విలువను మరుగుపరచెను. ముఖ్య భాగస్వామియైన హెన్రీ ఫ్రిక్ వాటాను ఆ ధరకే తీసికొనబోగా, అతడు 1900లో న్యాయస్థానమునకు ఎక్కెను. సంస్థ లాభములు లోకమునకు తెలిసిపోయెను. తుదకు ఉభయులును రాజీపడిరి. సంస్థ 32 కోట్ల డాలర్ల మూలధనముతో పునర్నిర్మింపబడెను. ఇంటి తగవే ఇంటికి వెల కట్టినది!

కార్నెగీ మరి రెండు పనులు ఏనాడో చేసియుండెను. ఉక్కు తయారీలో ప్రతి అంశమునకును అగు ఖర్చును విడివిడిగా వ్రాయించెడివాడు. నిర్వహణమును చార్లెస్ ష్వాబ్ వంటి సమర్థులకు అప్పగించెను. యజమాని స్కాట్లండులో వేసవి గడుపుచున్నను కొలుములు ఆరలేదు. యజమాని లేకున్నను నడచు వ్యాపారమునకే మంచి వెల పలుకును.

1901లో అతడు ఒక కాగితముపై పెన్సిలుతో 48 కోట్ల డాలర్లని వ్రాసి పంపగా, జె. పి. మోర్గన్ బేరమాడకయే అంగీకరించెనని చెప్పుదురు. అట్లు యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కార్పొరేషన్ వెలసెను.

అయినను ఆ లెక్కలో ఒక పద్దు మిగిలియున్నది. 1892లో హోంస్టెడ్ కర్మాగారమున జీతముల తగ్గింపును ఎదిరించిన కార్మికుల సమ్మె రక్తపాతమునకు దారితీసెను. వారి సంఘము విరిగిపోయెను. తగ్గిన ఖర్చు కొంత వారి కంచములనుండి తగ్గినదే. కార్నెగీ తరువాత తన సంపదలో అధికభాగమును దానము చేసెను. అతని ధనముతో 2,500కు పైగా గ్రంథాలయములు వెలసెను. కాని దినమునకు పండ్రెండు గంటలు కొలిమి ముందు నిలిచినవానికి, అందలి పుస్తకము చదువు తీరిక ఎక్కడిది?

సంస్థ విలువ కట్టువారు ఈ ప్రశ్నను సైతము లెక్కపుస్తకమున వ్రాసికొనవలెను.