మందు మానకుండా ప్రార్థన, ప్రార్థన మానకుండా మందు

ఆరోగ్యమే మహాభాగ్యం అని పెద్దలు చెప్పిన మాట మనందరికీ తెలిసిందే. ఆ భాగ్యం కొంతకాలం దూరమైనప్పుడు మాలాంటి పేద క్రైస్తవ కుటుంబంలో ప్రార్థన, మందు ఎలా కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోయే ప్రమాదం ఉందో వివరించాలని ఈ వ్యాసం రాస్తున్నాము. మన వసతి గృహంలో చదువుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ ఇళ్ళలో చాలావరకు ఇవే పరిస్థితులు ఉంటాయి కనుక ఇది ఉపయోగపడుతుందని మా ఆశ.

మా ఇంటి దినచర్య

మాది గుంటూరుకు దగ్గరలో ఒక పల్లె. మా నాన్నగారు మిరపకాయల యార్డులో ముఠా పనికి వెళ్తారు. అమ్మ కూలి పనికి వెళ్తుంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగించకముందే అమ్మ మోకాళ్ళ మీద ఉంటుంది. రాత్రి అన్నాలు తిన్నాక కుటుంబ ప్రార్థన. ఒక పాట, ఒక వాక్యభాగం, ఆ తరువాత ఒక్కొక్కరి పేరు చెప్పి ప్రార్థన. అమ్మానాన్నలకు చదువు రాదు కాబట్టి వాక్యం చదివే పని పిల్లలమైన మాదే. తప్పు లేకుండా చదవడం మేము బడికన్నా ముందు ఆ దీపం దగ్గరే నేర్చుకున్నాము.

శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన. ఎవరికైనా జబ్బు చేస్తే అయ్యగారు, సంఘ పెద్దలు ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థిస్తారు. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో చెప్పిన పద్ధతి ఇది. డబ్బు లేని ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మంచం పక్కన వచ్చి కూర్చునే మనిషి ఉంటే రోగికి సగం బలం వస్తుంది.

దగ్గు మొదలైంది

2021 డిసెంబరులో నాన్నకు దగ్గు పట్టుకుంది. మిరప ఘాటుకు యార్డులో అందరూ దగ్గుతారు కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, చొక్కా వదులు కావడం చూసి కూడా పని ఎక్కువై నీరసం అనుకున్నాము. క్రిస్మస్‌కు కుట్టించిన కొత్త చొక్కా సంక్రాంతికి భుజాల నుంచి జారుతుంటే అప్పుడు భయం వేసింది. ఆశా కార్యకర్త అక్క వచ్చి రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష తప్పనిసరి అని చెప్పి, నాన్నను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. క్షయ అని తేలింది.

క్షయ శాపం కాదు, పాపానికి శిక్ష కాదు. అది ఒక బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. జర్మనీకి చెందిన రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న దానిని కనుగొన్నట్లు ప్రకటించాడు. అందుకే ఏటా ఆ తేదీన ప్రపంచ క్షయ దినం జరుపుతున్నారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు గాలి ద్వారా ఇతరులకు సోకుతుంది. కంచం, గ్లాసు, బట్టల వల్ల సోకదు. ఇది తెలియక ఒక ఆదివారం ప్రభువు బల్ల దగ్గర కొందరు నాన్న తాగిన గిన్నె తాకడానికి వెనుకాడారు. నాన్న తరువాతి నెల బల్లకు ముందుకు వెళ్ళలేదు. రోగంకన్నా ఆ సంగతే ఆయనను ఎక్కువ కుంగదీసింది.

ఆరు నెలలు ఎందుకు?

ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తరువాత నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగిలిన మూడు. రోగి బరువును బట్టి బిళ్ళల సంఖ్య ఉంటుంది. పూర్వం వారానికి మూడు రోజులు వేసేవారు, 2017 నుంచి మన దేశంలో రోజూ వేసే పద్ధతి వచ్చింది. మందు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా వస్తే మేమంతా రక్తం అనుకుని ఏడ్చాము. అది రిఫాంపిసిన్ రంగు మాత్రమేనని తరువాత తెలిసింది. అయితే కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

చురుకుగా పెరిగే క్రిములు మొదటి వారాల్లోనే చాలావరకు చస్తాయి. అందువల్ల దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, బరువు పెరుగుతుంది. కాని నిద్రాణంగా ఉన్న క్రిములు కొన్ని మిగిలే ఉంటాయి. వాటిని చంపడానికే మిగిలిన నెలలు. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్షయగా మారవచ్చు. అప్పుడు చికిత్స మరింత కష్టం.

బైబిలు కింద దొరికిన బిళ్ళలు

మా ఇంట్లో ప్రమాదం సరిగ్గా ఇక్కడే వచ్చింది. రెండు నెలలు దాటేసరికి నాన్న బాగా కోలుకున్నారు. పక్క ఊరిలో జరిగిన స్వస్థత కూడికకు వెళ్ళారు. నిజమైన విశ్వాసం ఉన్నవాడు ఇంకా బిళ్ళలు ఎందుకు మింగాలి అని అక్కడ ఒక ప్రసంగీకుడు అడిగాడట. నాన్న ఎవరికీ చెప్పకుండా మందు మానేశారు. తొమ్మిది రోజుల తరువాత ట్రంకు పెట్టెలో బైబిలు కింద బిళ్ళల అట్టలు అమ్మకు కనిపించాయి.

ఆ రాత్రి మా ఇంట్లో ప్రార్థన జరగలేదు. గొడవ జరిగింది. “నాకు విశ్వాసం లేదంటావా?” అని నాన్న. “నీకు విశ్వాసం ఉంది, నాకు ముగ్గురు పిల్లలు ఉన్నారు” అని అమ్మ. మేము డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాము. పుస్తకంలో చదివిన సంగతి నాన్నకు ఎలా చెప్పాలో తెలియక నోరు విప్పలేకపోయాము.

మర్నాడు మా సంఘం అయ్యగారు వచ్చారు. ఆయన వాదించలేదు. జేబులోంచి తన బీపీ బిళ్ళ తీసి, మంచినీళ్ళు అడిగి, నాన్న ఎదుటే వేసుకున్నారు. తరువాత మాతో వాక్యం చదివించారు. హిజ్కియా రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు విన్నాడు, అయినా యెషయా ప్రవక్త అతని పుండు మీద అంజూరపు ముద్ద వేయమన్నాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. అదే పౌలు త్రోఫిమును జబ్బుగా ఉండగానే మిలేతులో విడిచి వచ్చాడు. “వాళ్ళకు విశ్వాసం తక్కువా, తమ్ముడూ?” అని అడిగారు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్ళారు. తప్పిన రోజులు కూడా కలిపి పూర్తి చేయాలని అక్కడ చెప్పారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాము. కుటుంబ ప్రార్థనలో ఆమేన్ అనగానే నాన్న చేతిలో బిళ్ళలు పెట్టడం. శుక్రవారం ఉపవాసం నాన్నకు బదులు అమ్మ ఉండేది. నాన్నకు గుడ్డు, పప్పు తప్పేవి కావు. క్షయ రోగుల పోషణ కోసం 2018 నుంచి కేంద్ర ప్రభుత్వం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేసేది, 2024 నవంబరు నుంచి అది 1000 రూపాయలు అయింది. ప్రార్థన కూడికలు గదిలో తలుపులు వేసి కాకుండా వాకిట్లో పెట్టుకున్నాము. ఇంట్లో అందరమూ పరీక్ష చేయించుకున్నాము.

విశ్వాసులే కట్టిన వైద్యశాలలు

విశ్వాసానికీ వైద్యానికీ విరోధం ఉంటే మన ప్రాంతంలో ఇన్ని మిషన్ ఆసుపత్రులు ఉండేవి కావు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చి, స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నెలకొల్పింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు మిషన్లు కలిసి నడిపిన క్షయ శానిటోరియం 1915లో ప్రారంభమైంది. ఆనాడు సరైన మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, తిండి, ప్రార్థన మాత్రమే. ఆ తరువాత 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సక్రమంగా వాడితే ఇంట్లో ఉండి కూడా శానిటోరియంలో ఉన్నంతగా నయమవుతుందని రుజువు చేసింది. మా నాన్న మా గడప దాటకుండా బాగుపడటానికి ఆ పరిశోధనే మూలం.

చివరగా

2022 ఆగస్టు మొదటి వారంలో నాన్న చివరి బిళ్ళ వేసుకున్నారు. పరీక్షలో క్రిములు కనిపించలేదు. కృతజ్ఞతా కూడికలో ఆయన సాక్ష్యం చెబుతూ తొమ్మిది రోజుల సంగతి కూడా దాచకుండా చెప్పారు. ఆ రోజు ప్రభువు బల్లకు మొదట వెళ్ళింది ఆయనే.

ప్రార్థించిన ప్రతివారికీ నయం అవుతుందని మేము చెప్పడం లేదు. మా పెద్దమ్మ మూత్రపిండాల జబ్బుతో మందులూ వాడింది, ప్రార్థనా మానలేదు, అయినా దక్కలేదు. ఆమె విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. ప్రార్థన ఆమెకు ధైర్యంగా వెళ్ళే శక్తి ఇచ్చింది, మాకు ఓర్చుకునే శక్తి ఇచ్చింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! గదికి పదిమంది పడుకునే మన హాస్టల్లో ఎవరికైనా రెండు వారాలు దగ్గు తగ్గకపోతే దాచవద్దు. వార్డెన్ గారికి చెప్పండి, పరీక్ష చేయించుకోండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నల మందుల చీటీ ఒకసారి మీరే చదివి చెప్పండి. మన ఇళ్ళలో చదువుకున్న మొదటివాళ్ళం మనమే. ఆ చదువు ముందుగా పనికి రావలసింది వాళ్ళకే.

– ఎం.ఎస్సీ. విద్యార్థి, మన వసతి గృహం పూర్వ విద్యార్థి