చేతి వణుకా, మతి తడబాటా?

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతిని కాసేపు గమనిస్తే, ఒక పనిలో ఎన్ని పనులు దాగుంటాయో తెలుస్తుంది. బోర్లించిన కుండ, దాని కింద మంట. పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క ఊపున పరిచి లాగేయాలి. రెప్పపాటులో ఆరిపోయే పొరను చిరగకుండా ఎత్తాలి. ఆ తరవాత రేకును తడిగుడ్డతో మెత్తబరచాలి, నెయ్యి రాయాలి, పంచదార పొడి చల్లాలి, మడత పెట్టాలి. మధ్యలో మంట చూసుకోవాలి, పిండి చిక్కబడితే నీళ్లు కలుపుకోవాలి. రాజమండ్రి కొట్టుకు ఎన్ని, పెళ్లివారికి ఎన్ని అన్న లెక్క బుర్రలో ఉండాలి. 2023లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ మిఠాయికి చేతివాటం ఎంత ముఖ్యమో, వరస తప్పని మతీ అంతే ముఖ్యం.

ఏళ్ల తరబడి ఈ పని చేసిన ఒకావిడకు పార్కిన్సన్స్ వచ్చిందనుకుందాం. రేకులు చిరిగిపోతున్నాయి. కొన్నాళ్లకు పని మానేసింది. "చెయ్యి వణుకుతోంది కదండీ, ఇంకెక్కడ చేస్తుంది" అంటారు ఇంట్లోవాళ్లు. అదీ నిజమే కావచ్చు. కానీ నెయ్యి రాసిన రేకుకే మళ్లీ రాస్తోందా? పంచదార చల్లకుండానే మడిచేస్తోందా? వంద అడిగినవాళ్లకు అరవై కట్టి పంపిందా? ఆ తప్పులు చేతివి కావు. పని ఆగిపోయిందని చెబితే డాక్టరుకు సగమే తెలుస్తుంది. అది ఎక్కడ తెగిందో కూడా చెప్పగలిగితేనే వైద్యం సరైన దారిన పడుతుంది.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు మీద చిన్న పుస్తకం రాసేనాటికి ఆయన దగ్గరున్నవి ఆరుగురి వివరాలే. వాళ్లలోనూ కొందరిని వీధిలో తారసపడగా చూశాడంతే. ఇంద్రియాలకూ బుద్ధికీ ఏమీ కాదని ఆయన రాశాడు. ఆ మాట చాలాకాలం చెల్లింది. మెదడు లోతుల్లో డోపమిన్ తయారుచేసే కణాలు నశించడం వల్ల వణుకు, కండరాల బిగుతు, నడకలో మందకొడితనం వస్తాయని ఆ తరవాత తేలింది. 1960ల్లో లెవోడోపా వైద్యం వచ్చి మంచం పట్టినవాళ్లను లేపి నడిపించింది. ఆ లెవోడోపాను దూలగొండి గింజల నుంచి 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అలాగని గింజలు నూరుకుని తాగేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఆ పని చేయకూడదు. మాత్రతో పాటు అదీ కలిస్తే మోతాదు ఎంతయిందో ఎవరికీ అంతుపట్టదు.

మందులతో ఆయుష్షు పెరిగాక జబ్బు రెండో ముఖం బయటపడింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొందరు రోగులను 20 ఏళ్లపాటు గమనిస్తూ వచ్చారు. 2008లో ఫలితాలు ప్రచురించేనాటికి బతికున్నవాళ్లలో 83 శాతం మందికి డిమెన్షియా ఉంది. అయితే అది అల్జీమర్స్‌లో కనిపించే మతిమరుపులా మొదలవ్వాలని లేదు. పేర్లు, పెళ్లిరోజులు, పాత బాకీలు అన్నీ గుర్తుండొచ్చు. పనికి వరస కట్టుకోవడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడం, మనసు నిలపడం, దూరం అంచనా వేయడం తరచుగా ముందు దెబ్బతింటాయి. అందుకే "మావయ్యగారికి మతి బ్రహ్మాండంగా ఉందండి, యాభై ఏళ్ల కిందటి కబుర్లు చెబుతారు" అని కోడలు చెప్పే మాటలో అబద్ధం లేకపోయినా, ఆయన ఇవాళ బ్యాంకు ఫారం నింపగలరో లేదో దాన్నిబట్టి తెలియదు.

పార్కిన్సన్స్‌లో వచ్చే డిమెన్షియాను గుర్తించడానికి కదలికల జబ్బుల అంతర్జాతీయ నిపుణుల సంఘం 2007లో, దానికి ముందు దశ అయిన స్వల్ప మతి క్షీణతకు 2012లో ప్రమాణాలు రూపొందించింది. రెండింటికీ మధ్య గీత రోజువారీ జీవితంలోనే ఉంది. పరీక్షలో మార్కులు తగ్గినా తన పనులు తాను చక్కబెట్టుకుంటుంటే అది ముందు దశ. మతి తగ్గిన కారణంగానే పనులు కుంటుపడితే డిమెన్షియా. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడానికి వేళ్ల బిగుతు కారణమైతే దాన్ని ఈ లెక్కలో వేయకూడదు. చొక్కా తిరగేసి తొడుక్కుని, తిరగేసి ఉందని కూడా గమనించకపోతే వేయాలి.

2007 నాటి ప్రమాణాల్లో ఒక పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. "మీరు వేసుకునే మందులేమిటో చెప్పండి" అని అడగడమే. పార్కిన్సన్స్ మనిషికి మాత్రల వ్యవహారం చిన్నది కాదు. పొద్దున్న ఆరింటికి ఒకటిన్నర, పదకొండుకు ఒకటి, మళ్లీ మూడింటికి, రాత్రికి ఇంకో రంగుది. పెసరట్టు తిన్నవెంటనే వేసుకుంటే, పప్పులోని మాంసకృత్తుల వల్ల కొందరికి మందు సరిగా పట్టదు. కనుక తిండి వేళ కూడా చూసుకోవాలి. ఏ మాత్ర, ఏ రంగు, ఎప్పుడు, ఎన్ని అన్నది రోగి తనంతట తాను చెప్పగలిగితే మంచిదే. కొంచెం అందిస్తే చెప్పి, ఇంట్లో పొరపాటు లేకుండా వేసుకుంటున్నా ఫరవాలేదు. తలతిప్పి భార్య వైపు చూసి "అదే చెబుతుంది" అంటే డాక్టరు అక్కడ ఆగి ఆలోచించాలి. మతి వల్ల చెప్పలేకపోతున్నాడా, లేక నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో మాత్రలు, మంచినీళ్లు అందించేది ఆవిడేనా?

ఈ చిక్కు కొలబద్దల్లోనే ఉంది. 1969లో అమెరికాలో లాటన్, బ్రాడీ రూపొందించిన ప్రసిద్ధ ప్రశ్నావళిలో ఫోను వాడకం, బజారు, వంట, ఇంటిపని, బట్టలుతకడం, ప్రయాణం, మందులు, డబ్బు అనే ఎనిమిది అంశాలున్నాయి. మొదట్లో మగవాళ్లకు వంట, ఇంటిపని, బట్టల మార్కులు లెక్కలోకి తీసుకునేవారు కాదు. జీవితంలో ఎప్పుడూ చేయని పనిని చేయలేకపోతున్నాడని రాస్తే ఏం లాభం? 2013లో బార్సిలోనా బృందం పార్కిన్సన్స్ కోసమే 12 ప్రశ్నల కొలబద్ద తయారుచేసి, అందులో ఒంటి ఇబ్బందుల ప్రభావం వీలైనంత తక్కువగా ఉండేలా చూసింది. మన దేశంలో అంతకు చాలా ముందే, 1990ల్లో, హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం ఒక ప్రశ్నావళి తయారైంది. తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం అడుగుతున్నారా, సొంత ఊళ్లో దారి తప్పుతున్నారా, పండగలు గుర్తుంటున్నాయా అన్న తరహాలో ఇంట్లోవాళ్లను అడుగుతారు. అక్షరం ముక్క రానివాళ్లకూ అది సరిపోతుంది.

గోదావరి డెల్టాకు ఆ ప్రశ్నలను ఇంకాస్త దగ్గర చేసుకోవాలి. సార్వాకి ఏ విత్తనం వేశారు, దాళ్వాకి కాలవ నీళ్లు ఎందాకా వచ్చాయి, కౌలు బస్తాలు ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి అని ముమ్మిడివరం రైతును అడగండి. జవాబు కన్నా అది చెప్పడానికి ఆయన పడే తంటా ఎక్కువ చెబుతుంది. కొబ్బరి దింపు తీయించినవాళ్లకు కూలి లెక్కకట్టి ఇవ్వగలుగుతున్నారా? పింఛను నాలుగు వేలు చేతికొస్తే ఎనిమిది అయిదొందల నోట్లు లెక్కపెట్టుకుని దాచిన చోటు గుర్తుపెట్టుకుంటున్నారా? రాజమండ్రి కోటిపల్లి బస్టాండులో దిగి, ఎప్పుడూ వెళ్లే కొట్టుకు ఒంటరిగా వెళ్లి రాగలరా? ఆడవాళ్లయితే ఊరగాయ పాళ్లు, డ్వాక్రా వాయిదా, పాలవాడి ఖాతా. ఎవరి జీవితంలో ఏ పని రోజూ ఉండేదో అదే వాళ్లకు పరీక్ష.

చాలా ఇళ్లలో ఈ పరీక్ష జరగకుండా ఆపేది ప్రేమే. "ఆయన్ని ఏ పనీ చేయనివ్వమండి, అన్నీ మేమే చూసుకుంటాం" అనడం ఈ వైపు గౌరవంగా చెప్పే మాట. చెక్కు మీద సంతకానికి కొడుకు, మందులకు కోడలు, బజారుకు మనవడు. పని చేసే అవకాశమే లేనప్పుడు చేయలేకపోవడమూ కనబడదు. చూసుకునే పెద్దావిడ కన్నుమూసిన నెలలోనే ఆయనకు "ఉన్నట్టుండి మతి పోయింది" అంటారు. నిజానికి అది రెండు మూడేళ్లుగా పోతూ ఉండొచ్చు, ఆవిడ నీడలో దాగి.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది, దాని గురించి ఎక్కువ బాధపడాలి. పార్కిన్సన్స్‌లో ముఖకండరాలు బిగుసుకుని మొహంలో భావం కనిపించదు. గొంతు సన్నబడుతుంది. జవాబు ఆలస్యంగా వస్తుంది. అంతమాత్రాన "ఆయనకేం తెలియడంలేదు" అని ఆస్తి పంపకం మాటలు ఆయన ముందే, ఆయన లేనట్టు మాట్లాడేస్తారు. ఆయనకు అన్నీ తెలుస్తూనే ఉండొచ్చు. మందు ప్రభావం దిగిపోయిన వేళలో అడిగిన ప్రశ్నకూ, మందు పనిచేస్తున్న వేళలో అడిగిన ప్రశ్నకూ జవాబు మారిపోతుంది. దిగులు జబ్బు, బి12 లోపం, థైరాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా మతిని మందగింపజేస్తాయి. వణుకు తగ్గడానికి వాడే ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మాత్రలు పెద్దవయసులో జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయి. ఇవి సరిదిద్దగలిగినవి. అవి చూడకుండా డిమెన్షియా అని ముద్ర వేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

భాష సంగతిలో తెలుగువాళ్లకు కొంత పునాది ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం మతి పరీక్షలను తెలుగుకు తగ్గట్టు మలిచి వాడింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలతో 2013లో వాళ్లు ప్రచురించిన అధ్యయనం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించిందనీ అందులో తేలింది. ఆ తరహా పరీక్షలు జిల్లా ఆసుపత్రుల్లోనూ మామూలుగా జరగాలి.

ఈలోగా కాకినాడకో రాజమండ్రికో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ఒక కాగితం వెంట తీసుకెళ్తే ఎంతో మేలు. ఆర్నెల్ల కిందట చేసి ఇప్పుడు మానేసిన పని ఏది, ఎక్కడ తప్పు జరిగింది, అది మాత్ర వేసుకున్న ఎంతసేపటికి, లేని మనుషులో పురుగులో కనిపిస్తున్నాయా, రాత్రి నిద్రలో అరుస్తున్నారా అన్నవి తేదీలతో రాసుకోవాలి. రోగితోనూ ఇంట్లోవాళ్లతోనూ విడివిడిగా మాట్లాడమని డాక్టరును అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు కూడా ఆ కాగితం వెంట ఉండాలి. అక్కడి గదిలో పది నిమిషాలు కూర్చున్న మనిషిలో వణుకు కనిపిస్తుంది గానీ, గ్యాస్ స్టవ్ వెలిగించి మరిచిపోయిన సంగతి ఎవరైనా చెబితే తప్ప తెలియదు.