నాలుగు మీటర్ల లోపు కారును అంచనా వేసేదెలా?

మన దేశంలో అమ్ముడయ్యే చిన్న కార్ల పొడవు 4 మీటర్ల లోపే ఎందుకుంటుంది? జవాబు పన్నుల చట్టంలో ఉంది. పొడవు 4 మీటర్లు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ దాటని కార్లకు 2006 కేంద్ర బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22న అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్లలోనూ ఇవే కొలతలకు లోబడిన పెట్రోలు కారుకు 18 శాతం, దాటితే 40 శాతం. ఈ హద్దులో ఇంజన్‌నూ ఐదుగురు మనుషులనూ సామాన్లనూ ఎంత తెలివిగా ఇమిడ్చారన్నదే హ్యాచ్‌బ్యాక్‌లో ముందుగా చూడాల్సిన విషయం.

ఆ తెలివికి దారి చూపింది 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ. డిజైనర్ అలెక్ ఇసిగోనిస్ ఇంజన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని కిందికి చేర్చి, ముందు చక్రాలే బండిని లాగేలా అమర్చాడు. దాంతో వెనక చక్రాల దాకా శక్తిని మోసుకెళ్లే షాఫ్టు అవసరం పోయింది. సుమారు 3.05 మీటర్ల కారులో దాదాపు 80 శాతం జాగా మనుషులకూ సామాన్లకూ దక్కింది. 1983 డిసెంబరులో మన రోడ్డెక్కిన మారుతి 800లోనూ ఇంజన్ అడ్డంగానే ఉంటుంది.

పొడవు పెంచే వీలు లేనప్పుడు ఎత్తు అక్కరకొస్తుంది. వ్యాగనార్ పొడవు 3655 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ పొడవు 3860. అయినా డిక్కీ వ్యాగనార్‌లో 341 లీటర్లు, స్విఫ్ట్‌లో 265 లీటర్లే. పైకప్పు ఎత్తుగా ఉంటే సీట్లను ఎత్తులో నిటారుగా బిగించవచ్చు. అప్పుడు కాళ్లకు కావాల్సిన పొడవు తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎక్కడం, దిగడం కూడా తేలిక. షోరూములో దీన్ని తేల్చుకోవడం సులువే. డ్రైవరు సీటును తమకు సరిపడేలా జరుపుకొని, దిగి, సరిగ్గా దాని వెనకే కూర్చోవాలి. మోకాలికీ ముందు సీటుకీ మధ్య నాలుగు వేళ్లు పట్టకపోతే దూరప్రయాణంలో ఇబ్బందే.

ఇక మైలేజీ. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద కారును నిలిపి, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల్లో నడిపి తీసింది. రెండు మోడళ్లను పోల్చడానికి అది పనికొస్తుంది గానీ, నెల ఖర్చు లెక్కకు కాదు. అందుకు ట్యాంకు ఫుల్ చేయించి, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్లీ నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. ఇప్పటికే ఆ మోడల్ నడుపుతున్న బంధువో పొరుగువారో ఉంటే ఈ లెక్క వారి దగ్గరే దొరుకుతుంది.

బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. 900 కిలోల కారులో 65 కిలోల చొప్పున ఐదుగురు, 50 కిలోల సామాను ఎక్కితే అదనంగా 375 కిలోలు. అంటే బరువు 40 శాతానికి పైగా పెరిగినట్టే. డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు హుషారుగా దూకిన బండి తిరుమల ఘాట్‌లో ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు రెండో గేరు అడుగుతుంది. టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లి ఒక ఫ్లైఓవర్ ఎక్కించి చూడటం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం భద్రత. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దడమంటే, శక్తి లెక్కన, దాదాపు 16 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఐదంతస్తుల మేడ మీది నుంచి కింద పడటంతో సమానం. ఆ శక్తిని ముందు భాగం నలిగిపోతూ మింగాలి, మనుషులుండే భాగం మాత్రం చెక్కుచెదరకూడదు. 2014లో కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇదే వేగంతో పరీక్షించిన ఐదు భారతీయ మోడళ్లకూ సున్నా స్టార్లే వచ్చాయి. వాటిలో పోలో బాడీ గట్టిగా నిలిచింది కాబట్టి, రెండు ఎయిర్‌బ్యాగులు చేర్చగానే నాలుగు స్టార్లకు చేరింది. మరో మూడింటి బాడీయే కూలిపోవడంతో ఎయిర్‌బ్యాగులు పెట్టినా ఫలితం ఉండదని సంస్థ తేల్చింది. 2020లో టాటా ఆల్ట్రోజ్ ఐదు స్టార్లు సాధించి, చిన్న కారు బలహీనంగానే ఉండాలన్న నియమమేమీ లేదని రుజువు చేసింది.

2023 అక్టోబరు నుంచి మనకూ ఇలాంటి పరీక్షే, భారత్ ఎన్‌క్యాప్, ఉంది. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49 మార్కులు విడివిడిగా ఇస్తుంది. పసివాళ్లున్న కుటుంబం రెండో అంకెను తప్పక చూడాలి. వెనక సీటు మడతలో చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు చేతికి తగులుతున్నాయో లేదో, మధ్యలో కూర్చునే మనిషికి మూడు చోట్ల పట్టే బెల్టు ఉందో లేదో అడ్వాన్సు కట్టకముందే తడిమి చూసుకోవాలి.